ఇరుగుపొరుగు చేబదుళ్లు

మన దాచేపల్లిలో పెద్దలు నలుగురు కూడిన ప్రతి చోటను ఒక మాట వినబడుచుండును. "వెనుకటి ఇరుగుపొరుగు ఇప్పుడేదీ?" అని వారు నిట్టూర్చుచుందురు. ఆ మాట విని పిల్లలు, ముసలివారికిది అలవాటేయని నవ్వుకొని పోవుదురు. పెద్దల నిట్టూర్పులో నిజమెంత, పిల్లల నవ్వులో నిజమెంత యని కొంచెము తరచి చూడవలెనని మాకు తోచినది. ఈ సంచికను చదువు తలిదండ్రులకును, విద్యార్థులకును, ఉపాధ్యాయులకును ఇందులో సమానమైన పాలు కలదు. ఏలనగా ఇరుగుపొరుగు లేని ఇల్లు ఎవరికిని లేదు.

వెనుకటివారు మనకంటె మంచివారగుటచేత పొరుగువారితో కలసి మెలసి యుండిరని మేము తలపము. పొరుగువారు లేనిదే వారికి దినము గడవకుండెను, అందుచేత కలసియుండిరి. ఆనాటి పనిముట్లను చూచిన చాలును. తిరగలి ఎదురెదురుగా ఇద్దరు కూర్చుండి ఒక్క పిడిని పట్టుకొని త్రిప్పుటకు చేయబడిన వస్తువు. ఒంటరిగా విసరవచ్చును గాని రెక్కలు పడిపోవును. రోలొకటి, రోకళ్లు రెండు. ఒకరి పోటు వెంట మరియొకరి పోటు పడుచుండవలెను. మన సీమలో ఏడాదికి సరిపడు కారము దంచుకొనుట ఒక్క ఇల్లాలివలన అయ్యెడి పనియా? వేసవిలో ఒక పంచన రోలు వేసిన, ఆ ఘాటుకు వీధి వీధియంతయు తుమ్ముచుండెడిది. తుమ్మినవారందరు వచ్చి తలకొక పోటు వేసి పోవుచుండిరి. నులక మంచము బిగించుటకు ఇద్దరు కావలెను. బరువైన బిందె నెత్తికెత్తుటకు రెండవ చేయి కావలెను. ఆ కాలపు వస్తువు ప్రతిదియు మరియొక మనుష్యుని అడుగుచుండెను. నేటి మిక్సీకి ఒక వ్రేలు చాలును.

నీటి మాట చెప్పనే యక్కరలేదు. కృష్ణ మన పొలిమేరనే పారుచుండినను పలనాడు చిరకాలము దాహముతో నుండిన సీమ. ఇచ్చటి జొన్నకూటిని, నీటి కరవును శ్రీనాథుడు చాటువులలో ఎత్తిపొడిచెనని లోకమున ప్రసిద్ధి గదా. నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడిన పిమ్మట గాని మన చేలకు కృష్ణ నీరు ఎరుక కాలేదు. అంతకు పూర్వము వేసవి వచ్చినదన్న ఊరి మంచినీటి బావి యొద్ద చేంతాళ్లు వేళ్లాడుచు, స్త్రీలు తమ వంతుకై బిందెలు వరుసగా పెట్టుకొని గంటలకొలది కూర్చుండవలసి వచ్చెడిది. ఆ గంటలలోనే ఎవరి యింట జ్వరము, ఎవరి యింట పురుడు, ఎవరి యింట పెండ్లిమాట యన్నది ఊరికెల్ల తెలియుచుండెను. నేడు వార్తాపత్రికలు చేయని పనిని నాడు బావిగట్టు చేసెను. కొన్ని అబద్ధములను కూడ చేరవేసెననుట నిజమే.

పొయ్యిలో నిప్పు ఆరినచో పొరుగింటికి పోయి పిడకమీద నిప్పు తెచ్చుకొనుట మొన్న మొన్నటి వరకు ఉన్న వాడుకయే. కవ్వముతో చిలికిన ఇంటివారు వెన్న దాచుకొని మజ్జిగను వీధికి పంచుచుండిరి. మజ్జిగ అమ్ముట తప్పుగా నెంచబడెను. పాడి లేని ఇంటివారు ముంత పట్టుకొని వచ్చుటకు సిగ్గుపడలేదు. పాడిగలవారు పోయుటకు విసుగుకొనలేదు. గిద్దెడు నూనె, సోలెడు బియ్యము, రెండు వెల్లుల్లిపాయలు, ఒక పిడికెడు చింతపండు ఈ గోడ దాటి ఆ గోడకు, ఆ గోడ దాటి ఈ గోడకు నిత్యము తిరుగుచుండెను. దీనికే చేబదులని పేరు. దీనికి పత్రము లేదు, వడ్డి లేదు, సాక్షి లేడు. అయినను కట్టుబాటు మాత్రము గట్టిది. సమముగా కొలిచి తెచ్చుకొన్న సోలెడు బియ్యమును తిరిగి ఇచ్చునప్పుడు కొలపాత్రపై కుప్ప నిలుచునట్లు పోయవలెను. కూర పంపిన గిన్నెను వట్టిగా పంపరాదు. ఏమియు లేకున్న చిటికెడు పంచదారయో, తోటలోని నాలుగు మిరపకాయలో అందులో వేసి పంపవలెను.

ఈ వట్టి గిన్నె నియమము మాకు మిక్కిలి వింతగొలుపుచుండును. నీవు పంపిన దానికి నేను బదులు పంపితిని. నా బదులుకు నీవు మరల బదులు పంపవలెను. లెక్క ఎన్నటికిని సరిపోదు. ఎప్పుడును ఒకరు మరియొకరికి కొంచెము బాకీ పడియే యుందురు. ఆ కొంచెపు బాకీయే వారిద్దరి నడుమ దారము. పూర్తిగా తీరిన దినమున దారము తెగినట్లే. పొరుగింటి పుల్లకూర రుచియని మనవారు ఎత్తిపొడుపుగా చెప్పుదురు గాని, ఆ సామెత మరియొక సంగతికి గూడ సాక్ష్యము చెప్పుచున్నది. పొరుగింటి పుల్లకూర మన కంచములోనికి వచ్చుచుండినదని గదా దాని యర్థము!

వరుసలు కలుపుకొనుట కూడ ఇట్టిదే. పొరుగింటామె అత్తయో పిన్నియో, ఎదురింటాయన బాబాయియో మామయో అయి తీరవలెను. రక్తసంబంధము లేకున్నను పిలుపు కలదు. పిలుపుతోపాటు మందలించు అధికారము కూడ కలదు. ఇతరుల పిల్లవాడు బావిలోనికి తొంగిచూచిన చెవి మెలిపెట్టి ఇంటికి తీసికొనిపోవుటకు వీధిలోని ప్రతి పిన్నికిని హక్కుండెను. మహమ్మదీయుల యిండ్లవారితోను ఈ పిలుపులే నడచినవి, నేటికిని మన పల్లెలలో నడచుచున్నవి. పీర్ల పండుగకు మొక్కుకొను హిందువులు, సంక్రాంతి అరిసెలకై ఎదురుచూచు మహమ్మదీయులు, క్రిస్మసు పిండివంటలు పంచు క్రైస్తవులు మన పలనాటికి క్రొత్తవారు కారు.

ఇంతవరకు పెద్దలకు అనుకూలముగా చెప్పితిమి. ఇక వారు నిట్టూర్చునప్పుడు విడిచిపెట్టు సంగతిని కూడ చెప్పక తప్పదు. ఆ మంచినీటి బావిగట్టున కూర్చున్న స్త్రీలలో పల్లెవారు లేరు. ఊరొక చోట, పల్లె యొక చోట. బావికి దూరముగా నిలువబడి, ఎవరైన దయదలచి ఎత్తిపోసిన నీటిని పట్టుకొని పోవలసిన ఆడవారు మన సీమలో వేలకొలది యుండిరి. మజ్జిగ పంచిన ఇల్లాలే పల్లెవారి ముంతకు ముంత తాకకుండ ఎత్తిపోసినది. చేబదుళ్లలోను ఒక గీత యుండెను. పచ్చి బియ్యము, పప్పు, ఉప్పు గీత దాటును. వండిన అన్నము దాటదు. పై కులములలో సైత మొకరికొకరు స్వయంపాకమిచ్చి పంపుచుండిరే గాని ఒక బంతిని కూర్చుండలేదు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువ మహాకవి ఈ గీతల బాధ నెరిగినవాడు. 1941లో వెలువడిన 'గబ్బిలము' కావ్యములో ఆయన కథానాయకుడైన నిరుపేద తన మొరను కాశీలోని ఈశ్వరునికి గబ్బిలముచేత చెప్పి పంపెను. పొరుగున ఇన్ని యిండ్లుండగా మాట చెప్పుకొనుటకు ఇంటి కప్పున వ్రేలాడు గబ్బిలము తప్ప వేరెవ్వరును దొరకకపోవుట ఎట్టి పొరుగు? అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చెను. దానిని నేరముగా శిక్షించు చట్టము 1955లో వచ్చెను. బావి గీతను చట్టము చెరిపినది. కంచము గీతను చెరుపుట చట్టమువలన కాదు.

చెరుపవలెనన్న తలంపు మన సీమకు క్రొత్తది మాత్రము కాదు. కారెంపూడి మీదుగా వచ్చి మన యూరి ప్రక్కనుండి పోవు ఈ నాగులేటి యొడ్డుననే పన్నెండవ శతాబ్దిలో పలనాటి వీరులు పోరాడిరి. వారిలో బ్రహ్మనాయడు అన్ని కులములవారిని ఒక చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని తరతరములుగా చెప్పుకొనుచున్నాము. నేటికిని కార్తీకమాసములో కారెంపూడి వీరుల ఉత్సవమున చాపకూడు జరుగుచున్నది. ఏడాదికొక దినము చాపమీద కూర్చుండుట మంచిదే. మిగిలిన మూడువందల అరువది నాలుగు దినములు ఏ గిన్నె ఏ ఇంటికి పోవుచున్నదని అడుగుట ఇంకను మంచిది. మన బడి బల్లమీద నేడు భుజము భుజము తగులునట్లు కూర్చున్న బాలురలో కొందరి తాతలు ఒక్క బావినీరు త్రాగలేదు. మధ్యాహ్నము ఒకరి డబ్బాలోని గోంగూర పచ్చడిని మరియొకరు అడుగకయే వ్రేలితో తీసికొనుటను మేము చూచుచున్నాము. వెనుకటి కాలమే మేలనెడి పెద్దలను ఒక్క మధ్యాహ్నము వచ్చి ఈ వరండాలో కూర్చుండవలసినదిగా కోరుచున్నాము.

ఇక నేటి సంగతి. కుళాయి వచ్చెను, ఇరువది లీటర్ల నీటి డబ్బా గుమ్మములోనికి వచ్చెను. 1999లో మొదలైన దీపము పథకముచేతను, 2016 నుండి జరుగుచున్న ఉజ్వల పథకముచేతను పేదయిండ్లకు గూడ గ్యాసు పొయ్యి వచ్చెను. పాలు తెల్లవారకమునుపే కేంద్రమునకు పోయి, పొట్లములలో తిరిగి వచ్చుచున్నవి. పొట్లములోని మజ్జిగను పంచువారుండరు గదా. కారము మిల్లుకు పోవుచున్నది. వీటిని మేము నిందింపము. అరచేతులు బొబ్బలెక్కగా తిరగలి త్రిప్పిన తల్లిని పిలిచి, మరల త్రిప్పెదవా యని అడిగిన ఏమి చెప్పునో మాకు తెలియును. పొగలో కండ్లు పోగొట్టుకొన్న అవ్వల గతి పాట కట్టి పాడుకొనదగినది కాదు. అయితే ఈ సుఖములన్నియు వచ్చునప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క పిలుపును వెంటబెట్టుకొని పోయినవి. నిప్పుకు పోవు పని పోయెను, నీటికి పోవు పని పోయెను, దంచుటకు పిలుచు పని పోయెను. పని పోగా వట్టి మాటకు పోవుట ఎట్లో మనకు తెలియలేదు.

ఇండ్ల రూపము కూడ మారినది. మన వీధులలో వెనుక ఇంటింటికి నాపరాళ్ల అరుగుండెను. అరుగు ఇంటివారిదో వీధివారిదో చెప్పుట కష్టము. దారిన పోవువాడు కూర్చుండిన ఎవరును ఏమని యడుగలేదు. వాటి చోటున నేడు అంగళ్ల తలుపులును, ప్రహరీగోడలును, ఇనుప గేట్లును వచ్చినవి. నార్కెట్‌పల్లి, అద్దంకి నడుమ నడచు పెద్ద బాటపై లారీలు రేపు దుమ్ములో అరుగుమీద కూర్చుండుమని ఎవరిని అడుగగలము? ఊరు పెరిగినది, పంచాయతి నగర పంచాయతియై 2021లో ఎన్నికలు జరుపుకొన్నది. చదువుకొన్న పిల్లలు రాత్రి నడికుడిలో రైలెక్కి తెల్లవారునప్పటికి హైదరాబాదులో దిగుచున్నారు. కొందరు అక్కడినుండి సముద్రములు దాటుచున్నారు. ఇంట తల్లియు తండ్రియు ఇద్దరే మిగులుచున్నారు.

మేమెరిగిన యొక యింట జరిగినది చెప్పెదము. ఆ దంపతుల కుమారుడు విదేశములో నున్నాడు, మంచివాడు, దినమునకు రెండు మారులు ఫోను చేయును. తల్లి బంధువుల యింటికి పోయిన దినమున ఉదయము ఫోను చేసిన తండ్రి పలుకలేదు. రెండవమారు పలుకలేదు, పదవమారు పలుకలేదు. ఆ పిల్లవానికి తన వీధిలో నొక్కరి నంబరు తెలియదు. ఎవరెవరినో విచారించి నరసరావుపేటలోని స్నేహితుని పంపెను. ఆతడు గంటన్నర ప్రయాణము చేసి వచ్చి తలుపు తీయించగా, పెద్దాయన స్నానాలగదిలో జారిపడి తుంటి యెముక విరిగి కదలలేక పడియుండెను. ప్రాణమునకు ముప్పు రాలేదు. పండ్రెండడుగుల దూరములో గోడ యవతల మనుష్యులున్నారు. వారు చెడ్డవారు కారు. ఈ యింటివారు ఎన్నడును వారిని ఏదియు అడుగలేదు, వారును వీరిని అడుగలేదు. గేటు నాటి ఉదయము తెరువబడలేదన్న సంగతిని ఎవరును గమనింపలేదు. వెనుకటి దినములలో ఆ పెద్దాయన మజ్జిగ ముంతయైన ఆ వేళకు ఎవరినో ఒకరిని గుమ్మములోనికి రప్పించి యుండును.

2020లో కరోనా వచ్చి రాకపోకలు నిలిచిపోయినప్పుడు మన వీధులలో రెండు గుణములును కనబడినవి. మందులును కూరలును తెచ్చి గుమ్మమున పెట్టినది గోడ ప్రక్కవారే. జబ్బు వచ్చిన యింటి ముంగిట ముళ్లకంప వేయుమన్నదియు గోడ ప్రక్కవారే. అంతకుముందు ఏ యిండ్ల నడుమ గిన్నె తిరుగుచుండెనో ఆ యిండ్ల నడుమ మందు తిరిగినదని మా పరిశీలన.

ఇంకొకటి కలదు, దానిని గూర్చి పలుకుటకు చాలమంది జంకుదురు. పలనాటిలో పొరుగును చంపినది గ్యాసు పొయ్యియు కాదు, టెలివిజనును కాదు, పార్టీ. తాతల నాటినుండి వరుసలతో పిలుచుకొన్నవారు ఎన్నికల నోటీసు వచ్చిన దినమునుండి ముఖములు త్రిప్పుకొందురు. పెండ్లికి పిలువరు, చావుకు పోరు. ఒక గోడకు ఇరువైపుల నున్న పిల్లలను గూడ ఆడుకొననీయరు. 2024 మే నెల 13వ తేదీన పోలింగు జరిగిన పిమ్మట మన పల్నాడు జిల్లాలో చెలరేగిన అల్లర్లను అణచుటకు 144వ సెక్షను పెట్టవలసి వచ్చెను. నలుగురు ఒకచోట కూడరాదని సర్కారు ఆజ్ఞాపింపవలసిన సీమలో, నలుగురు కూడుటయే మంచి అలవాటని మేము వ్రాయుచున్నాము, ఇది విడ్డూరమే. ఏ పార్టీవారిని మేము తప్పుపట్టము, అది మా పని కాదు. గెలిచినవారును ఓడినవారును పోలింగు మరునాడు అదే వీధిలో నిదురలేవవలెనని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము. పెద్దల కక్షలో పిల్లల స్నేహమునకు మినహాయింపు నిచ్చుట ఏ నాయకుని ప్రతిష్ఠకును భంగము కాదు.

ఈ మూడింటికిని, ఒంటరి ముసలితనమునకును, కంచము గీతకును, పార్టీ గోడకును, మాకు తోచిన యుపాయము చిన్నది. పొరుగింటివారిని ఏదైన ఒకటి అడుగవలెను. ఇయ్యవలెనని మేము చెప్పలేదు, అడుగవలెనని చెప్పుచున్నాము. ఇచ్చుట సులభము. ఇచ్చువాడు ఎత్తున నిలుచును, పుచ్చుకొనువాడు పల్లమున నిలుచును. అది దానమగును గాని స్నేహము కాదు. అడిగి తెచ్చుకొన్నప్పుడు ఎదుటివానిని ఎత్తున నిలిపి మనము పల్లమున నిలుతుము. రేపు అతడు వచ్చి అడుగును, చదును అగును. మన యింట మిగిలినది పల్లెలోని వారికి పెట్టుటకు మనలో చాలమంది సిద్ధమే. వారింట వండిన కూర గిన్నె తెప్పించుకొని తినుటకు ఎందరు సిద్ధము? ఎవరి యింటి మజ్జిగ త్రాగగలమో వారే మన పొరుగువారు. తక్కినవారు మన ప్రక్కన కాపురమున్నవారు మాత్రమే.

తలిదండ్రులతో ఇందుకు కొంత పేచీ పడవలసియున్నది. "ఎవరినీ ఏమీ అడుగవద్దు, నామోషీ" యని మీరు పిల్లలకు నేర్పుచున్నారు. అంగడిలో కొనగలిగినది అడుగుటెందుకని మీ వాదము. పంచదార అంగడిలో దొరకును, నిజమే. పంచదారకై పోయిన పిల్లవాడు పొరుగింట చూచి వచ్చు ముఖము అంగడిలో దొరకదు. పరీక్షలకు చదువవలెను, తీరిక లేదందురా? గిన్నె ఇచ్చి వచ్చుటకు ఎంత కాలము పట్టును? సెల్‌ఫోనుపై వ్రేలు జరుపు కాలములో నూరవ పాలు చాలును. దూరదేశముననున్న కుమారులకు కుడియింటివారి నంబరును ఎడమయింటివారి నంబరును ఈ రాత్రియే పంపవలెనని కూడ ప్రార్థించుచున్నాము.

ఉపాధ్యాయులు అంగీకరించినచో విద్యార్థులకొక ఇంటిపని ఇయ్యవచ్చును. తమ యింటికి కుడివైపున ఐదిండ్లు, ఎడమవైపున ఐదిండ్లు ఎవరెవరివో, ఆ యింట ఎందరున్నారో, పెద్దవారిని ఏ వరుసతో పిలువవలెనో వ్రాసి తీసికొనిరావలెను. కులము వ్రాయనక్కరలేదు, పార్టీ యంతకన్న నక్కరలేదు. పుస్తకము చూచి వ్రాయుటకు వీలుకాని పరీక్ష యిది. పదింటిలో ఎన్నిటికి జవాబు వచ్చునో చూడవలెనని మాకును కుతూహలముగా నున్నది.

మిరపకోతలు సాగుచున్నవి. కల్లములలో కాయ ఎర్రగా పరచియున్నది. తొడిమలు తీయుటకు స్త్రీలు ఇప్పటికిని గుంపుగా కూర్చుండుచున్నారు. ఆ పనికి మంచి యంత్రము ఇంకను మన యిండ్లకు రాలేదు, కొన్నాళ్లు రాకున్నను మాకు చింత లేదు. నాలుగు దినములలో ఇంటింటను పండుమిరపకాయ పచ్చడి నూరుదురు. ఒక యింటి పచ్చడిలో ఉప్పెక్కువ, ఒక యింటిదానిలో చింతపండు తక్కువ, ఒక యింటివారిది ఎందుకోగాని ప్రతియేటను బాగుగా కుదురును. అది ఎవరిదో పిల్లలకు తెలియును. గిన్నె నిచ్చి వారిని పంపవలసినది.